వేసవి సెలవులు – మన నీటి యొడ్డులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు ఈ గ్రంథాలయపు బీరువాలోని భారత భాగవతములను, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని, చదివికొన్నవాడను. కావున నా మాటలలో కవిత్వము తక్కువగాను లెక్క యెక్కువగాను ఉండును. గ్రంథాలయ ప్రశస్తిని గూర్చి పెద్దలు చెప్పియే యున్నారు. నాకు వేసవి సెలవులను గూర్చి చెప్పుమనిరి. ఇటీవలి సంవత్సరములలో మన బడులకు ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వఱకు సెలవు లిచ్చుచున్నారు. అనగా 49 దినములు. ఈ దినములలో పట్నముల నుండి మనుమలు, మనుమరాండ్రు అమ్మమ్మ యిండ్లకు వచ్చుదురు. వచ్చినవారు ఎండ వాలగనే నీటి యొడ్డునకు పోవుదురు. నా ప్రసంగమంతయు ఆ నీటి యొడ్డును గూర్చియే.

మనకు సముద్రము లేదు. మనకున్నది గోదావరి. దానిని గోదావరి యని పిలుచువారు మన పల్లెలలో అరుదు. గంగ యనియే యందుము. త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు పాఱు ఈ నది కందకుర్తి యొద్ద తెలంగాణములో అడుగిడి, బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరముల నొరసికొని పోవును. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలకు చాల మేర ఇదియే సరిహద్దు. 2016 అక్టోబరులో జిల్లాలు ముక్కలైనవి గాని గంగ ముక్కలు కాలేదు. ధర్మపురి యొద్ద దక్షిణముగాను, చెన్నూరు యొద్ద ఉత్తరముగాను తిరుగును. కాళేశ్వరమున ప్రాణహితతో కలియును.

నా చిన్ననాట వేసవి గంగ యన నీరు కాదు, ఇసుక. మూడు పాళ్లు ఇసుక తిన్నె, ఒక పాలు సన్నని ధార. సద్ది మూటలతో, ఎడ్లబండి మీద ఇంటిల్లిపాదియు ధర్మపురికి పోయి, నరసింహస్వామిని దర్శించి, సాయంకాలమునకు ఇసుకలో దిగెడివారము. పిల్లలు మోచేతి లోతున చెలిమ త్రవ్వుదురు. మొదటి బురదనీరు దోసిళ్లతో తోడి పాఱబోసి, ఒక గడియ ఓపిక పట్టిన, కొబ్బరినీటి వంటి తేటనీరు ఊరును. దానికి ఈడైన చల్లని నీరు నేను నేటి శీతల యంత్రములలో త్రాగలేదు. తిన్నెల మీద కర్బూజ, దోసపాదులు పెట్టినవారు కాయలు తూచి కాక, ముఖము చూచి యిచ్చెడివారు. ఆడువారు మామిడికాయ తొక్కులకు కావలసిన కారము, ఆవపిండి లెక్కలు అక్కడనే కూర్చుండి తేల్చుకొనెడివారు. వెన్నెలలో ఇసుక మీద పండుకొని, పెద్దలు శేషప్పకవి నరసింహ శతకము నుండి పద్యములు చదువుచుండ, మేము మధ్యలోనే నిద్రపోయెడివారము. ఆ కవిది ధర్మపురియే యని మాకు నాడు తెలియదు. ఏ కుటుంబమునకైనను ఇంతకంటె చౌకయైన విహారము లేదు. ఖర్చు వ్రాయబోయిన ఒక పంక్తికి మించదు.

మన కావ్యములలోను నీటి విహారమునకు పెద్దపీట వేసిరి. ప్రబంధమునకు చెప్పిన అష్టాదశ వర్ణనలలో జలక్రీడ యొకటి. అయితే ఒక చమత్కారము: ప్రబంధములలోని జలక్రీడలలో మునిగినవా డొక్కడును కానరాడు. పురాణేతిహాసములు అట్లు కాదు. పోతన భాగవతము అష్టమ స్కంధమున గజేంద్రుడు ఆలుబిడ్డలతో దప్పి తీర్చుకొనుటకే కొలను చేరెను. దిగునపుడు దాని లోపల నేమున్నదో అతడెఱుగడు. ఎంత బలముండియు తెలియని నీటిలో అది పనికిరాలేదు.

ఇంకొక కథ సంస్కృత భారతమున ఆదిపర్వములోనిది. ప్రమాణకోటి యను చోట గంగయొడ్డున దుర్యోధనుడు జలక్రీడకై మండపములు కట్టించి, పిండివంటలు చేయించి, పాండవులను పిలిచెను. ఆటలో అలసి, విషాన్నము తిని పడియున్న భీముని తీగెలతో బంధించి నీట త్రోసెను. పిమ్మట అందఱును రథము లెక్కి తిరిగి వచ్చిరి. భీముడు ముందే పోయియుండునని తక్కినవా రనుకొనిరి. ఇల్లు చేరిన పిమ్మట ధర్మరాజు తల్లిని "భీముడు వచ్చెనా?" యని యడిగెను. అప్పుడు గాని తెలియలేదు. పండితులు ఈ కథలో దుర్యోధనుని దుర్మార్గమును చూతురు. లెక్కలు వ్రాయు నాకు ఇంకొకటి కనబడును. బయలుదేఱునపుడు తలలు లెక్క పెట్టినవా డొక్కడును లేడు. పట్టుమని ఐదుగురు అన్నదమ్ములు! ముందే పోయియుండు నను ఆ యొక్క యూహ నేటికిని మన యొడ్డులలో పిల్లల ప్రాణములు తీయుచున్నది.

ఇక మన గంగ మాఱిన తీరు చూడుడు. 1963 జూలై 26న పోచంపాడు యొద్ద నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు శ్రీరామసాగరమై కాకతీయ కాలువ ద్వారా మన పొలములు తడుపుచున్నది. కరీంనగరు ప్రక్కన దిగువ మానేరు, దిగువ గంగపై ఎల్లంపల్లి, తరువాత 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరపు బ్యారేజీలు వచ్చినవి. ఇసుక తిన్నె లుండినచోట మనిషి లోతు నీరు నిలిచెను. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ స్తంభములు క్రుంగిన పిదప అక్కడి నీటిని వదలివేయగా చెఱువైన చోటు మరల ఇసుకయు మడుగులును అయ్యెను. ఇంతలో గంగలోను మానేటిలోను లారీలకొలది ఇసుక త్రవ్విన గుంటలు మిగిలినవి. కొంచెము నీరు రాగానే ఆ గుంటయు, ప్రక్క నేలయు ఒక్కటే మట్టముగా కనబడును. ఇది నదుల మంచి చెడ్డల తీర్పు కాదు. నీరు పొలములకు కావలయును. నేను చెప్పునది, మన తండ్రుల కాలి గుర్తులు నేడు పనికిరావని మాత్రమే.

ఈ సంగతి గంగమీద వలవేసి బ్రదుకు ముదుసలి యొకడు నాకంటె చక్కగా చెప్పెను: "పంతులూ, ఇది మొన్నటి గంగ గాదు. నిన్న మోకాలి లోతున్న కాడ ఇయ్యాల మనిషి లోతున్నది. నాకే ఎరుక లేదు, పట్నం పోరగాండ్లకేం ఎరుక?"

2025 జూన్ మొదటి వారము దాటునప్పటికి మేడిగడ్డ యొద్ద స్నానమునకు దిగిన ఆఱుగురు యువకులు మునిగిపోయిరి. వారము దాటిన వెంటనే బాసర యొద్ద ఐదుగురు. ఇండ్లలో మృగశిర చేపలు వండుకొను దినము లవి. ఈ రెండు వార్తలు మన గ్రంథాలయపు బల్లమీది పత్రికలలోనే చదివితిమి. ఆ యిండ్ల సంగతి నేను వర్ణింపను.

కాలువ గంగకంటె మోసకారి. కాకతీయ కాలువ చూచుటకు శాంతముగా నుండును. దాని ఒడ్డులు వాలుగా సిమెంటు పూసినవి. పాచి పట్టిన పిమ్మట పట్టు దొరకదు. లోపల వేగము హెచ్చు. ఈత వచ్చినవాడును ఎక్కి రాలేడు. బిందె జాఱెనని దిగిన తల్లి, తల్లికై దిగిన బిడ్డ, బిడ్డకై దిగిన తండ్రి, ఈ వరుస మనకు క్రొత్త కాదు. మునుగువానికై దూకకుడు. ధోవతి, చీర, తాడు, వెదురుగడ, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరకిన అది విసరుడు. మునుగువాడు తన్ను పట్టుకొనవచ్చినవానిని లోనికి లాగును. అది వాని తప్పు కాదు, ప్రాణభీతి. బయటకు తీసినవానిని తలక్రిందులుగా త్రిప్పు పాత పద్ధతి మానవలయును. ఊపిరి లేనిచో నోట నోరు పెట్టి శ్వాస నూదుచు, రొమ్ము నొక్కుచుండగా, ఇంకొకరు 108కి ఫోను చేయవలయును. కుంటాల జలపాతమును చూడబోవువారికి ఒక్కటే మాట: అది చూచుటకే గాని దిగుటకు కాదు.

మఱి పిల్లలను నీటికి దూరముగా నుంచుదమా? నా యభిప్రాయము అది కాదు. నీటిని ఎఱుగని భయము నీటిని ఎఱుగని ధైర్యమంత చెడ్డది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో భూమిమీద సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరి. ఆఱేండ్లు దాటిన పిల్లలకు ఈతయు, నీటి జాగ్రత్తలును నేర్పుట ఆ సంస్థ చెప్పిన ఉపాయములలో నొకటి. మన పెద్దలు ఏ సంస్థయు చెప్పకమునుపే దీనిని చేసిరి. ఎండిన ఆనపకాయ బుఱ్ఱలు రెండు వీపున కట్టి, నడుమునకు మోకు తగిలించి, మెట్లబావిలో దింపెడివారు. వారము గడచిన పిమ్మట ఒక బుఱ్ఱ తీసెడివారు. రెండవది ఎప్పుడు తీసిరో నేర్చుకొనువానికి తెలియదు. వెనుక తిరిగి చూచుకొనునప్పటికి వీపు ఖాళీగా నుండును. మోటలు పోయి, బావులు చెత్తకు కుండీలైన పిదప ఆ విద్యయు పోయినది.

ఆ నాడు ఆడపిల్లలకు నేర్పినవారు తక్కువ. ద్రౌపదికి ఈత వచ్చునో రాదో నాకు ఏ కావ్యములోను దొరకలేదు. కాలువకు బిందెతోను, బట్టలతోను పోవునది ఆడుబిడ్డయే గనుక ముందుగా నేర్వవలసినదియు ఆమెయే.

కార్యవర్గమువారి యనుమతితో ఒక ప్రకటన చేసి విరమింతును. ఊరి మెట్లబావిని పూడిక తీయించి, నీటి లోతు గోడమీద అంకెలతో వ్రాయించితిమి. ఏప్రిల్ 24 మొదలు ప్రతిదినము ఉదయము ఆఱు గంటలకు మగపిల్లలకును, ఏడు గంటలకు ఆడపిల్లలకును ఈత నేర్పుదురు. ఆడపిల్లలకు నేర్పుటకు మన ఊరి కోడలే ముందుకు వచ్చినది. ఆనపకాయ బుఱ్ఱలు ఎనిమిది, ట్యూబులు నాలుగు గ్రంథాలయపు వెనుక గదిలో నున్నవి. పేర్లు వ్రాయుటకు క్రొత్త పుస్తకము బల్లమీద నున్నది. దిగిన పిల్లల సంఖ్య ఒక గడిలోను, ఎక్కిన పిల్లల సంఖ్య ప్రక్క గడిలోను ప్రతిదినము నేనే వ్రాయుదును.