తెరచాప పడవలూ, మా నలుగురి స్నేహమూ

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు ఇంతవరకు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీ పడవల కబుర్లు చెప్పండి" అన్నారు. జీవితమంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాకు పడవ పందాలేమిటని కొందరికి అనుమానం రావచ్చు. మా ఆఫీసు హుసేన్ సాగర్‌కు కూతవేటు దూరం. అదే కారణం.

1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువు మీద మేము 1978 నుంచి పదేళ్ళ పాటు ఆదివారాలు గడిపాము. నలుగురం. ఒకరు మా సెక్షన్ టైపిస్టు, ఒకరు ట్రెజరీ ఉద్యోగి, ఒకరు సికింద్రాబాదులో మెకానిక్, నాలుగోవాణ్ణి నేను. మెకానిక్ మిత్రుడు ఒక క్లబ్బు పడవలకు మరమ్మతులు చేసేవాడు. సభ్యత్వ రుసుము మా జీతాలకు అందేది కాదు. పడవలు గీకి, రంగులు వేసి పెట్టినందుకు మమ్మల్ని పందాలలో కూర్చోనిచ్చేవారు.

అవి ఎంటర్‌ప్రైజ్ అనే రకం పడవలు. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే ఆయన రూపొందించినవి. పొడవు పదమూడు అడుగుల పైచిలుకు, ఇద్దరు మనుషులు, నీలం రంగు తెరచాపలు. ఇంజను లేదు, తెడ్డు పని లేదు. ఒకరు చుక్కాని పడతారు, రెండవవారు ముందు చాప తాడు పట్టుకుని, పడవ ఒరిగినప్పుడల్లా రెండో వైపుకు వాలి బరువు సరిచేస్తారు.

గాలివాటంగా బతకడం అని మనం నిందగా అంటాము. పడవ పందెంలో అసలు విద్య అంతా ఎదురుగాలిలోనే ఉంది. గాలికి సూటిగా ఎదురు పోవడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. కొంత కుడికి, కొంత ఎడమకు, ఏటవాలుగా మలుపులు తిరుగుతూ పైకి పోవాలి. పడవ పక్కకు జారకుండా అడుగున సెంటర్‌బోర్డు అనే పలక దించుతారు. మన ఊళ్ళో జులై, ఆగస్టు నెలల్లో పడమటి గాలి బాగా వీస్తుంది. అందుకే పెద్ద పందాలు వానాకాలంలోనే జరుగుతాయి.

నా చేతిరాత బాగుంటుందని లెక్కల పుస్తకం నాకే అప్పగించారు. ఆనాటి ఒలింపిక్ పద్ధతిలో మొదటివానికి సున్న, రెండవవానికి 3, మూడవవానికి 5.7, నాలుగవవానికి 8, ఐదవవానికి 10, ఆరవవానికి 11.7 మార్కులు. అందరికన్నా తక్కువ వచ్చినవాడే విజేత. ఇంక్రిమెంట్ల లెక్కలకు అలవాటుపడిన మా ట్రెజరీ మిత్రునికి ఇది ఏనాడూ మింగుడు పడలేదు. "సున్నాకు చప్పట్లేమిటయ్యా!" అనేవాడు.

1982లో ఆసియా క్రీడల పడవ పందాలు బొంబాయిలో జరిగాయి. నలుగురం సెలవు పెట్టి, పులిహోర పొట్లాలతో రైలెక్కాము. ఒడ్డు నుంచి చూస్తే పడవలు తెల్లటి చుక్కలు, అంతే! కాని ఫైర్‌బాల్ విభాగంలో ఫరూఖ్ తారాపూర్, జరీర్ కరంజియా భారతదేశానికి స్వర్ణం తెచ్చారు. ఆ క్రీడల కోసం వెళ్ళామన్న తృప్తి ఇప్పటికీ ఉంది.

ఇక చెప్పవలసిన అసలు సంగతి. ఒక శ్రావణమాసం ఆదివారం మెకానిక్ మిత్రుడూ నేనూ ఒక పడవలో, టైపిస్టు మిత్రుడు మరొకరితో వేరే పడవలో పందెంలో ఉన్నాము. ఉన్నట్టుండి గాలి విసిరింది. మా పడవ బోల్తా పడింది. నేను పట్టు దొరికి తేలాను. మెకానిక్ తడిసిన తెరచాప కింద చిక్కుకుపోయాడు. అప్పటికి టైపిస్టు పడవే అందరికన్నా ముందుంది. గమ్యం కనబడుతోంది. ఆయన చుక్కాని తిప్పి వెనక్కు వచ్చాడు, నీటిలో దూకి తెరచాప ఎత్తి పట్టాడు. మనిషి బయటపడ్డాడు.

పడవ పందాల నియమావళిలో ఆపదలో ఉన్నవారికి సాయం చెయ్యడం మొదటి నియమాల్లో ఒకటి. అందువల్ల నష్టపోయినవానికి పరిహారంగా మార్కులు ఇవ్వవచ్చు. నేను పుస్తకం తీసి ఆ సంగతి చెబితే ఆయన, "రాసుకోవయ్యా, నాకేం" అని బట్టలు పిండుకున్నాడు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది.

మెకానిక్, ట్రెజరీ మిత్రులు ఇప్పుడు లేరు. టైపిస్టు గారి పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఆయన కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటు తొమ్మిదో అంతస్తులో ఉంటున్నారు. చూపు దాదాపు పోయింది. ఒక దశలో ఆరు నెలలు గడప దాటలేదని తెలిసి నేనే వెళ్ళి బయలుదేరదీశాను. వారానికి రెండు సాయంత్రాలు దుర్గం చెరువు ఒడ్డుకు తీసుకెళ్తాను. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీరిచ్చిన చెరువు అది. మేము టిఫిన్ డబ్బాలతో వెళ్ళిన నాడు బండరాళ్ళే తప్ప మరేమీ లేవు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, 2020 సెప్టెంబరులో తీగల వంతెన వచ్చింది. ఆయనకు ఆ దీపాలు కనబడవు. కాని చెంపకు తగిలే గాలిని బట్టి, "ఇప్పుడు నైరుతికి తిరిగింది, చాప వదులు చెయ్యి" అంటారు. నేను "చేశానండీ" అంటాను.

ఈ ఆట ఇప్పుడు డబ్బున్నవారిది మాత్రమే కాదు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వారు పేద కుటుంబాల పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవల మీద శిక్షణ ఇస్తున్నారు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మధ్యప్రదేశ్ రైతు బిడ్డ నేహా ఠాకూర్ రజతం సాధించింది. మీ మనవలను, మనవరాళ్ళను ఒక ఆదివారం హుసేన్ సాగర్‌కు తీసుకెళ్ళి చూపించండి. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం పడవ ఎక్కనివ్వకండి.

చివరగా ఒక విన్నపం. మన సభ్యుల్లో ఈ ఎత్తైన భవనాల్లో ఒంటరిగా ఉండిపోయినవారి జాబితా ఒకటి తయారుచేద్దాము. ఫోను చేసి ఊరుకోకుండా, వెళ్ళి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొద్దాము. ఆ జాబితా రాసే పని నాకు ఇప్పించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.