మాట ఒక ఇల్లడ

కాలు జారినచో తీసికొనవచ్చును గాని నోరు జారినచో తీసికొనరాదని మన పెద్దలు చెప్పుదురు. ఈ అనుభవము ఏ జాతికైనను కలిగియే యుండును. అయితే దీనిని సామెతగా విడువక, నిత్యజీవితమున ఆచరింపదగిన నియమములుగా విభజించి, ధర్మశాస్త్రముగా కూర్చుకొన్నవారు యూదులు. వారు శతాబ్దముల తరబడి దేశదేశములందు చెదరి బ్రదికిరి. ఒక యూరి సమాజమునకును వేరొక యూరి సమాజమునకును జాబే వారధి. పెండ్లి సంబంధములు, వర్తకపు లెక్కలు, ధర్మసందేహములు, చెరపట్టబడినవారిని విడిపించుటకై ధనసహాయపు విన్నపములు, అన్నియు జాబుల మీదనే నడచెను. కావున మాట మర్యాదయు, మనుష్యుల క్షేమమును వారికి వేరువేరు విషయములుగా తోచలేదు. ఆ నియమములలో నేటి మన యిండ్లకును పనికివచ్చు కొన్నింటిని ఈ ప్రసంగమున మనవి చేయుచున్నాము.

వారి ధర్మచర్చలకు నిలయమైన తాల్ముదు గ్రంథమున ఒక నిర్ణయము కలదు. ఒకడు మనతో చెప్పిన విషయమును, ఇతరులకు చెప్పవచ్చునని అతడు అనుమతించువరకు మనము వేరొకరికి చెప్పరాదు. సామాన్యముగా మనము దీనికి విరుద్ధముగా నడచుచున్నాము. ‘ఎవరితోను అనకుడు’ అని ప్రత్యేకముగా కోరిననే అది రహస్యమనుకొందుము. కోరనిచో ఊరంతయు చాటుటకు హక్కు కలిగినదని భావింతుము. తాల్ముదు దృష్టిలో వినిన మాట ఇల్లడ, అనగా దాచుమని యిచ్చిన పరుల సొత్తు. పొరుగువారు తీర్థయాత్రకు పోవుచు నగలపెట్టె మనయింట దాచిపోయినచో, పెట్టుకొనవద్దని చెప్పలేదు గదా యని ఆ నగలు ధరించి పేరంటమునకు పోము. మాటయు అట్టి సొత్తే.

ఈ భావమునకు శాసనరూప మిచ్చినవాడుగా గెర్షోము అను గురువు ప్రసిద్ధుడు. ఆయన జర్మనీ దేశమున రైను నదీతీరమందలి మైంజు నగరమున వసించి, సుమారు 1028లో గతించెను. పరుల జాబును వారి అనుమతి లేక చదువరాదనియు, చదివినవాడు వెలికి పాత్రుడనియు ఆయన పేర ఒక కట్టడి వెలసినది. ఆ కాలమున నేటి తపాలా ఏర్పాటు లేదు. అటు పోవు వర్తకుని చేతికో, బాటసారి చేతికో జాబు నిచ్చి పంపవలెను. అందు సరకుల ధరవరలుండును, అప్పుల సంగతులుండును, కుమార్తె కాపురపు కష్టములుండును. మోయువాడు ఆ సరకునే అమ్ముకొను పోటీదారు కావచ్చును. తరువాతి కాలమున జాబుపై ఆ కట్టడిని జ్ఞప్తికి తెచ్చు సంకేతాక్షరములు వ్రాయు ఆచార మేర్పడెను. ఒక కాగితపు మడత విప్పిన నేరమునకు వెలి వంటి కఠినశిక్ష ఏల? మోయువానిపై నమ్మకము పోయినచో జాబులు ఆగును. జాబులు ఆగినచో చెదరిన సమాజములకు ఒకరి క్షేమ మొకరికి తెలియదు.

వ్రాసిన మాట ఎంతకాలము బ్రదుకునో తెలుపు దృష్టాంత మొకటి కలదు. ఈజిప్టునందలి ఫుస్తాతు పట్టణపు బెన్ ఎజ్రా ప్రార్థనాలయమున, దైవనామము గల కాగితములను నాశనము చేయరాదను భావముతో, పాత వ్రాతలను ఒక గదిలో వేయుచు వచ్చిరి. 1896-97లలో సాల్మన్ షెక్టరు అను పండితుడు అందుండి 1,90,000కు పైగా ముక్కలను కేంబ్రిడ్జికి చేర్చెను. 12వ శతాబ్దమున మన దేశపు పడమటి తీరమున, మంగళూరు ప్రాంతమున వసించి ఇత్తడి పాత్రల పని చేయించిన అబ్రహాము బెన్ యీజూ అను వర్తకుని జాబులు ఆ కాగితములలో దొరికినవి. ఏడెనునుండి స్నేహితులు ఆయనకు సరకులతోపాటు వ్రాసికొనుటకు కాగితము కూడ పంపుచుండిరి. ఆయన లెక్కలును, కుటుంబ చింతలును ఎనిమిది వందల యేండ్ల పిమ్మట పండితులు చదువుచున్నారు. చరిత్రకు అది భాగ్యమే. కాని ఒక్కని కొరకు వ్రాసినది తుద కెవరి చేతికి చేరునో నిర్ణయించుట వ్రాయువాని తరము కాదని కూడ అది చెప్పుచున్నది.

ఆ ఫుస్తాతునందే వైద్యుడుగా, ధర్మాచార్యుడుగా వెలసిన మైమొనిడీసు (1138-1204) దోషపు మాటలను తరగతులుగా విడదీసెను. ఫలానావాడు నిన్నిట్లనెనని ఒకరి మాట ఒకరికి మోయుట ఒకటి. ఉన్న దోషమునే బయటపెట్టుట రెండవది. దానిని హీబ్రూలో లషోన్ హరా, అనగా చెడు నాలుక, అందురు. లేని దోషమును అంటగట్టుట మూడవది. మనము తరచు చిక్కుకొనునది రెండవదానియందే. ‘నిజమే కదా చెప్పితిని’ అనుట మనకు గొప్ప సమాధానము. వారి శాస్త్రమున అది సమాధానము కానేరదు. శత్రువుల యెదుట ఒకని పొగడుట కూడ తగదని ఆయన హెచ్చరించెను. ఆ పొగడ్త విని వారు నింద కారంభింతురు. దీనికి చెడుమాట యొక్క ధూళి యని పేరు.

అట్లయిన ఎవరి దోషమును ఎన్నడును చెప్పరాదా? మోసగానికి పిల్లనిచ్చుచున్నవారిని చూచి ఊరకుండవలెనా? దీనిని విపులముగా విచారించినవాడు, నేటి బేలరూసులోని రాదును అను చిన్న యూరి గురువు ఇజ్రాయేలు మేయిరు కాగను. ఆయన 1873లో ప్రకటించిన ‘ఖాఫెత్స్ ఖాయీం’ గ్రంథము పేరే ఆయన పేరుగా స్థిరపడెను. పరుని దోషమును చెప్పక తప్పనప్పుడు ఆయన ఏడు షరతులు విధించెను. విషయము తాను స్వయముగా ఎరిగినదై యుండవలెను. అది నిజముగా దోషమే యగునా యని నెమ్మదిగా విచారింపవలెను. ముందు ఆ మనుష్యునితోనే మృదువుగా చెప్పి చూడవలెను. గోరంతను కొండంత చేయరాదు. పగ తీర్చుకొను కోరిక లేక మేలు కొరకే చెప్పవలెను. చెప్పకయే ఆ మేలు సాధింప వీలున్న చెప్పరాదు. న్యాయముగా కలుగదగిన దానికంటె అధికమైన కీడు ఆ మనుష్యునికి కలుగరాదు. ఉదాహరణమునకు, ఒకడు భాగస్వామి సొమ్ము అపహరించుట మన మెరుగుదుము. అతనితో వర్తకమున చేరదలచినవాడు మన కడకు వచ్చెను. ఈ షరతులకు లోబడి ఆ వచ్చినవానికి చెప్పుట ధర్మము. వీథియరుగుపై పదిమందికి చెప్పుట తగదు. ఆ సందున అతని తండ్రి త్రాగుబోతని కూడ చేర్చుట మరింత తగదు.

వాదము వచ్చినప్పుడు ఎట్లు మెలగవలెను? సుమారు రెండువేల యేండ్ల క్రిందట హిల్లేలు శిష్యులకును, షమ్మయి శిష్యులకును ధర్మవిషయములందు గొప్ప వివాదములు జరిగెను. ఎక్కువగా హిల్లేలు పక్షమే నిలిచినది. దానికి తాల్ముదు చెప్పిన కారణము గమనింపదగినది. వారు సాధువులు, తమ వాదమునకు ముందు ఎదుటివారి వాదమును చెప్పెడివారు. ఎదుటివాని మాటను అతడు ఒప్పుకొనునట్లు చెప్పగలిగినవానికే ఖండించు అర్హత కలదని మేము తలచుచున్నాము.

ఇక క్షేమము మాట. నెదర్లాండ్సు దేశమున ప్రజల పేర్లు, చిరునామాలు, మతము మున్నగునవి ప్రభుత్వ కార్యాలయములందు శ్రద్ధగా వ్రాసియుంచెడివారు. అందు దురుద్దేశ మేమియు లేదు. 1940లో జర్మను సేనలు ఆ దేశము నాక్రమించెను. 1941 జనవరిలో యూదులందరు నమోదు కావలెనని ఉత్తరువు వెలువడెను. ఆ పట్టికలే వేటగాండ్రకు దారి చూపెను. ఆ దేశపు యూదులు సుమారు 1,40,000 మందిలో 1,00,000కు పైగా హతులైరి. 1943 మార్చి 27 రాత్రి కొందరు దేశభక్తులు పోలీసు దుస్తులు ధరించి ఆంస్టర్‌డాం నగరపు జనాభా కార్యాలయమునకు నిప్పు పెట్టిరి. కొన్ని పత్రములే కాలెను. అందు పాల్గొన్నవారిలో 12 మంది మరణశిక్ష పొందిరి. మన దేశముననే 2008 నవంబరులో బొంబాయి నగరముపై దాడి జరిగినప్పుడు, నారిమన్ హౌసు అను యూదుల కేంద్రమున ఆరుగురు బలియైరి. ఎవరు ఎచ్చట, ఏ వేళ కూడుదురను సమాచారమును చిన్న సమాజములు ఏల జాగ్రత్తగా కాపాడుకొనునో ఇందువలన తెలియును. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు కడ, కొత్తరెడ్డిపాలెమున, బెనె ఎఫ్రాయీము అను పేర యూదాచారములు పాటించు కుటుంబములు కొన్ని కలవు. అంత చిన్న సమాజమున పేరు చెప్పకున్నను, రెండు గుర్తులు చెప్పిన చాలును, మనిషి తెలిసిపోవును.

నేడు జాబు మోయు బాటసారి మన చేతిలోని ఫోనే. ఒకరు పంపిన మాటను వేయిమందికి చేర్చుటకు వ్రేలి కొన చాలును. కావున పంపువాడు, అందుకొనువాడు, మోయువాడు, మువ్వురును మనమే యైతిమి. పొరుగువారి బిడ్డ ఛాయాచిత్రము పంపుటకు ముందు వారి నడుగుదము. ఇంటికి తాళము వేసి ఊరికి పోవుచున్నామని లోకమునకు చాటకుందము. కోపమున వ్రాసిన దానిని తెల్లవారినంతవరకు ఆపి, మరల చదువుకొందము. రోగి కొరకు ప్రార్థించునప్పుడు యూదులు అతని పేరును, అతని తల్లి పేరును చెప్పుదురు. రోగమేమో ఆ ప్రార్థనకు అక్కరలేదు. మేలు కోరుటకు ఎంత తెలియవలెనో అంతియే పలికి, తక్కినది వారి సొత్తుగా వారికే విడుచుట మంచిది.