మందిచ్చు చేతికి పరీక్ష



వైద్యుడు చీటి సరిగా వ్రాసినను, మందిచ్చువాడు సరిగా చెప్పనిచో ఆ మందే విషమగును. ఒక దృష్టాంతము వినుడు. కీళ్లవాతములలో ఒకదానికి మెథోట్రెక్సేట్ అను మాత్ర నిత్తురు. దానిని వారమునకు ఒక్కదినమే పుచ్చుకొనవలెను. ప్రతిదినము మ్రింగినచో నోట పుండ్లు పుట్టును, రక్తకణములు క్షీణించును, మరణము గూడ సంభవింపవచ్చును. “వారమునకు ఒక్క దినమే సుమా” యని రోగికి బోధపడునట్లు చెప్పుటలో ఒక ప్రాణము నిలిచియున్నది.

ఆ మాట చెప్పగల నేర్పు విద్యార్థికి గలదో లేదో తెలియుట యెట్లు? వ్రాతపరీక్ష యొక్కటే దీనికి చాలదు. నేను చిరకాలము బడిపంతులుగా నుంటిని. కొలతల సూత్రములన్నియు గడగడ అప్పగించు బాలుడు పొలముగట్టున గొలుసు చేతికిచ్చినంతనే తెల్లబోవుట పలుమాఱు చూచితిని. తెలియుట వేఱు, చేయుట వేఱు. మన పూర్వులు దీనిని చక్కగా నెఱిగిరి. శాస్త్రమెంత చదివినను అభ్యాసము లేనివాడు కర్మకు తగడని సుశ్రుతసంహిత సూత్రస్థానమున జెప్పబడినది. కోత నేర్చుటకు గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలను, సిరను గ్రుచ్చుట నేర్చుటకు చచ్చిన జంతువుల సిరలను, తామరతూండ్లను వాడవలెనని అందే విధింపబడినది.

అభ్యాసము సరే, దానిని న్యాయముగా పరీక్షించుట యెట్లు? పూర్వము వైద్యవిద్యార్థికి ఒకరిద్దఱు రోగులను జూపి, పరీక్షకుడు తనకు దోచిన ప్రశ్నల నడిగెడివాడు. ఒకనికి తేలిక రోగము, మఱియొకనికి చిక్కు రోగము. ఒకనికి శాంతుడైన పరీక్షకుడు, మఱియొకనికి ముక్కోపి. విద్యతోపాటు అదృష్టము గూడ మార్కులు వేసెడిది. ఈ లోపమును దీర్చుటకు స్కాట్లండు దేశమున డండీ నగరమందు రొనాల్డ్ హార్డెన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును ఒక పద్ధతిని గల్పించి, 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు ప్రకటించిరి. దానిని ఆంగ్లమున పొడి అక్షరములతో ఓ.ఎస్.సి.ఇ. అందురు.

దాని తీరిది. వరుసగా గదులో, తెరలు గట్టిన అరలో యుండును. ఒక్కొక్క దానియందు ఒక్కొక్క పని. గంట మ్రోగగానే విద్యార్థి లోనికి బోవును. కొన్ని నిమిషములకు మరల గంట మ్రోగును, తరువాతి గదికి సాగవలెను. అందఱికి అవే పనులు, అంతే కాలము. ఏ పనికి ఎన్ని మార్కులో ముందే వ్రాసిన పట్టిక పరీక్షకుని చేత నుండును. వైద్యవిద్యలో బుట్టిన ఈ పద్ధతి ఔషధవిద్యకును వ్యాపించినది. కెనడా దేశమున ఈ శతాబ్ది ఆరంభముననే ఫార్మసిస్టుల అర్హతపరీక్షలో దీనిని జేర్చిరి.

ఔషధవిద్యార్థికి పెట్టదగిన పనులను గొన్నిటిని జూతము. ఒక గదిలో ఉబ్బసరోగి వేషమున శిక్షణ పొందిన మనుష్యుడు కూర్చుండును. అతనికి పీల్పుమందు వాడుక నేర్పవలెను. గొట్టమును కుదుపుట, ఊపిరి విడుచుట, మీట నొక్కుచునే మెల్లగా లోనికి బీల్చుట, పది సెకండ్లవఱకు బిగబట్టుట. ఇవన్నియు చెప్పి, “ఇప్పుడు మీరు చేసి చూపుడు” అని రోగి నడిగెనా లేదా? వేఱొక గదిలో చీటి యుండును. అందు మెథోట్రెక్సేట్ దినమునకొకటి యని పొరపాటున వ్రాసియుండును. విద్యార్థి దానిని గనిపెట్టి వైద్యుని విచారించునా, లేక మాత్రలు లెక్కించి యిచ్చివేయునా? మూడవ గదిలో ఒక తల్లి, “ఈ పానకము చెంచాతో పోయుదునా?” అని యడుగును. చిన్నచెంచాకు 5 మిల్లీలీటర్లు, పెద్దచెంచాకు 15; పొరపడినచో పసిబిడ్డకు మూడింతలు పడును. కొలతగిన్నె చేతికిచ్చి గీత చూపెనా?

ఇది దోషరహితమని నేననను. గదులకు, పరీక్షకులకు, వేషధారులకు వ్యయమెక్కువ. పట్టికను కంఠస్థము చేసి చిలుకవలె బలికి మార్కులు గొట్టువాడును గలడు. అందుచేత కొన్నిచోట్ల పట్టికతోపాటు మొత్తము ప్రవర్తనకు వేఱుగా మార్కులిత్తురు. అంతకు మించిన చిక్కొకటి గలదు. 1990లో జార్జి మిల్లర్ అను అమెరికా ఆచార్యుడు నేర్పునకు నాలుగు మెట్లు చెప్పెను: తెలియుట, ఎట్లు చేయవలెనో తెలియుట, చేసి చూపుట, నిత్యము చేయుట. ఈ పరీక్ష మూడవ మెట్టువఱకే కొలువగలదు. అంగడిలో పదిమంది తొందరపెట్టుచుండగా అతడు ఆ మాట చెప్పునో లేదో గంటకు దెలియదు.

మన దేశమున ఫార్మసీ చట్టము 1948లో వచ్చినది. 2008లో ఫార్మ్.డి. అను ఆరేండ్ల చదువు ఏర్పడినది; అందు తుది యేడు ఆసుపత్రి పనికే కేటాయింపబడినది. మీ పిల్లలను ఈ చదువునకు బంపునపుడు, “చేతిపనికి పరీక్ష యెట్లు జరుగును?” అని కళాశాలవారి నడుగుడు. ఇక నాలుగవ మెట్టున పరీక్షకులు మీరే. మందు చేతికి రాగానే కదలిపోకుడు. ఎప్పుడు, ఎంత, ఎన్నినాళ్లు, ఇతర మందులతో గూడునా యని నాలుగు ప్రశ్నలు వేయుడు. ఓర్పుతో బదులు చెప్పినవానిని గౌరవింపుడు. విసిగికొన్నవాని యొద్ద ఆ ప్రశ్నలనే మరల వేయుడు.