కాక్‌పిట్‌లో ఆగిపోయిన మాట



పుట్టపర్తి నారాయణాచార్యులవారు పాఠాలు చెప్పిన ఊరు ఈ ప్రొద్దుటూరు, 'శివతాండవం' రాసిన ఊరిది. పద్నాలుగు భాషల పండితుడని పేరున్న ఆ మహానుభావుడి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, భాష ప్రాణాల మీదికి వచ్చే సందర్భం ఒకటి మీ ముందుంచాలనిపించింది. పైలట్లకూ, నేలమీద కంట్రోలర్లకూ మధ్య నడిచే మాట గురించి చెబుతాను.

1977లో టెనెరిఫే రన్‌వే మీద 583 మంది పోవడం, 1990లో న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి అవియాంకా విమానం కూలడం మీరెరిగినవే. నేను ఏళ్ల తరబడి చదివింది 1996 నవంబర్ 12 సాయంత్రం గురించి.

ఢిల్లీ నుంచి సౌదియా బోయింగ్ 312 మందితో లేచింది. అందులో గల్ఫ్‌కు పనికి పోతున్నవాళ్లు చాలామంది. కువైట్‌కూ సౌదీకీ బిడ్డల్ని పంపిన మన జిల్లాకు ఆ ప్రయాణం ఎలాంటిదో తెలుసు. ఎదురుగా 37 మందితో కజకిస్తాన్ ఇల్యూషిన్ విమానం దిగుతోంది. సౌదియాను 14,000 అడుగుల దగ్గర, ఇల్యూషిన్‌ను 15,000 దగ్గర ఉండమన్నారు. బోయింగ్ ఎదురొస్తోంది, కనిపిస్తే చెప్పమని ఇల్యూషిన్‌తో అన్నాడు కంట్రోలర్. ఎన్ని మైళ్లని వాళ్లు అడిగారు. పద్నాలుగు అన్నాడు. ఈలోగా ఇల్యూషిన్ 15,000 దాటి కిందికి జారిపోయింది.

ఆ కాక్‌పిట్‌లో కంట్రోలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడేది ఒక్క రేడియో ఆపరేటరే. ఎత్తు చూపే మీటరు అతని ముందు లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడాలి. పైగా వాళ్ల దేశంలో ఎత్తును మీటర్లలో కొలుస్తారు. 15,000 దగ్గరే ఉండండి, దిగొద్దని చివరి క్షణాల్లో ఆ ఆపరేటరే అరిచాడు. పైలట్లు విమానాన్ని పైకెత్తారు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఆకాశంలో రెండూ ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ బతకలేదు.

ఇక్కడ కొంచెం ఆగి తేల్చుకోవలసింది ఒకటుంది. కజక్ వాళ్లకు ఇంగ్లీషు రాక జరిగిందని కొందరు పండితులు ఒక్క ముక్కలో కొట్టేస్తారు. రాకపోకలకు ఒకే దారి, ఎత్తు చూపని పాత రాడార్, వీటివల్లే జరిగింది తప్ప భాషకు సంబంధం లేదని ఇంకొందరంటారు. ఒకే దారి మాటా నిజమే, రాడార్ మాటా నిజమే. కానీ కేటాయించిన ఎత్తును ఇల్యూషిన్ వదిలేయడమే కారణమని ఈ ప్రమాదాన్ని విచారించిన లాహోటీ కమిషన్ తేల్చింది. ఎందుకు వదిలింది? ఇంగ్లీషు వచ్చిన మనిషి నోట సరైన అంకె వచ్చింది. విమానం నడిపే చేతికి అది వేళకు అందలేదు. మన బంగారు అంగట్లో తూకం చూసేవాడొకడు, ధర కట్టేవాడొకడై, మధ్యలో మాట అందకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ కాక్‌పిట్‌లోనూ భాష ఒకరిది, చెయ్యి ఒకరిది. ఇంగ్లీషు చాలలేదనేవాళ్లు ఈ విడదీతను చూడరు. కెనడాలో విమానాలతో మాట్లాడడానికి ఫ్రెంచి వాడకం మీద 1976లో పైలట్లు సమ్మె చేస్తే, రెండు భాషల్లోనూ క్షేమంగా నడపొచ్చని 1979లో విచారణ సంఘం చెప్పింది. ఏ భాష అన్నదానికన్నా, నడిపేవాళ్లందరికీ అది అర్థమవుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఈ మాట మీద నేను వెనక్కి తగ్గను.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మిగతాది గబగబా చెప్పేస్తాను. 1998లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్ల, కంట్రోలర్ల ఇంగ్లీషు మీద తీర్మానం చేసింది. 2008 మార్చి నుంచి ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి ఇంగ్లీషు తప్పనిసరి. అందుకోలేని దేశాలకు 2011 దాకా గడువిచ్చారు. దాద్రీ ప్రమాదం తర్వాత మన ఆకాశంలో ఎగిరే ప్రయాణికుల విమానాలకు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరైంది. 2015 జూన్‌లో కడపకూ విమానం వచ్చింది.

విద్యార్థులారా, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు కూడా కంట్రోలర్ ఉద్యోగానికి అర్హులే. అందులో గొంతు పరీక్ష కూడా ఉంటుంది. రోజూ కొంతసేపు ఇంగ్లీషు గట్టిగా చదవండి, విన్న అంకెల్ని తిరిగి చెప్పడం అలవాటు చేసుకోండి, దరఖాస్తు పెట్టండి.