పోలీసు జట్టును నిలబెట్టిన బడిపంతులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. క్రికెట్ గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను మన హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు గురించి చెబుతాను. అది మనబోటి ఉద్యోగుల జట్టు. నెల జీతం తీసుకుని, డ్యూటీలు చేసి, ఆపైన మైదానంలోకి దిగినవారి జట్టు.

ఈ జట్టు ఒక్క రోజులో పైకి రాలేదు. 1943లో బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలిచినప్పుడు దక్షిణాదిన పేరు వచ్చింది. ఆనాడు ఓడిపోయింది బ్రిటిష్ వైమానిక దళం జట్టు. ఆ సంవత్సరమే సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పాఠాలు చెప్పినవారు. 1950లో పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది.

ఆ తరువాతి లెక్క వినండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు మనవాళ్ళే తెచ్చారు. ఢిల్లీలో డూరండ్ కప్‌ను 1950, 1954, 1957లలో గెలిచారు. జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయిన తరువాత 1961లోనూ గెలిచారు. 1950 డూరండ్ ఫైనల్‌లో ఎదురు నిలిచింది కలకత్తా మోహన్ బగాన్. మొదటి రోజు సమఉజ్జీగా ముగిసింది. మళ్ళీ ఆడించినప్పుడు మనవాళ్ళు నెగ్గారు.

డబ్బులో కలకత్తా క్లబ్బులతో మన పోలీసు శాఖ పోటీ పడగలదా? లేదు. మరి ఎలా గెలిచారు? నాకు అర్థమైనంతవరకు ఇందులో మూడు సంగతులున్నాయి.

మొదటిది, కుర్రవాళ్ళను వెతికే చూపు. రహీం సాహెబ్ పేరున్న ఆటగాళ్ళ వెంట పడలేదు. పేటల్లో, బడి మైదానాల్లో చూసేవారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆయన కంటబడినవాడే. శిక్షణకు రావడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బు లేకపోతే సైకిలు అద్దెకు తానే ఇచ్చారట. ఆ బలరామే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు.

రెండవది, ఉద్యోగం. ఆటగాడికి కానిస్టేబులు కొలువు ఇస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రేపటి బెంగ ఉండదు. ఒకటో తారీఖు జీతం విలువేమిటో, రిటైరయ్యాక పెన్షన్ విలువేమిటో ఈ సభలో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవది, శిక్షణ. ఇదే అసలు కీలకం. కుడికాలితోనే తన్నడం అలవాటైన వాళ్ళకు ఎడమకాలితో మాత్రమే ఆడాలని పందేలు పెట్టారు. బంతిని కాళ్ళ మధ్య తిప్పుతూ గొప్పలు పోకుండా, వెంటనే పక్కవాడికి అందించాలనే నియమంతో పోటీలు నడిపారు. బడిలో ఎక్కాలు చెప్పినట్టే, మళ్ళీ మళ్ళీ చేయించి ఒంటికి పట్టించారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటివారు ఈ బడిలో తేలినవారే.

ఇదే పద్ధతితో ఆయన భారత జట్టునూ నడిపారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు వచ్చాయి. మెల్బోర్న్‌లో మనది నాలుగో స్థానం. జకార్తా నాటికే ఆయన ఒంట్లో కాన్సరు ఉంది. 1963 జూన్‌లో కన్నుమూశారు.

మిత్రులారా, ఆ తరువాత ఏమైందో చూడండి. ఆయన నాటిన చెట్లు ఇంకా రెండు మూడేళ్ళు కాశాయి. 1963లో రోవర్స్ కప్, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ వచ్చాయి. అక్కడితో సరి. శాఖ అలాగే ఉంది, కొలువులూ ఉన్నాయి. కానీ కుర్రవాణ్ణి చూసి గుర్తుపట్టే కన్ను, రోజూ మైదానానికి వచ్చి దిద్దే చెయ్యి లేకుండా పోయాయి. బలరామ్ వంటివారు అంతకు ముందే కలకత్తా దారి పట్టారు. వారి స్థానంలోకి తయారై వచ్చేవారు క్రమంగా తగ్గారు.

ఈ మధ్య సంగతి కూడా ఉంది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. మొదటి సీజన్లో అట్టడుగున నిలిచింది. స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చి, కుర్ర ఆటగాళ్ళను నమ్మి ఆడించాడు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచారు. ఆపైన ఆయన వెళ్ళిపోయాడు, జీతాల ఇబ్బందులూ వచ్చాయి. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. మళ్ళీ అదే కథ.

అందుచేత నేను కోరేది రెండే. క్రీడాకారులకు ఉద్యోగాలివ్వాలని మన సంఘాలు తీర్మానాలు చేస్తుంటాయి, మంచిదే. దానితోపాటు బడికొక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆడుకోవడానికి కాస్త మైదానం ఉండాలని కూడా అడుగుదాం. ఉద్యోగం ఆటగాణ్ణి నిలబెడుతుంది గాని, తయారు చేయలేదు. తయారుచేసేది గురువే.

రెండవది, ఆనాటి పోలీసు జట్టులో ఆడినవారి కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉండవచ్చు. ఇంట్లో పాత ఫోటోలు, పతకాలు, పత్రికల ముక్కలు ఉంటే చెదలు పట్టకముందే బయటికి తీయండి. వెనుక పేర్లు రాసి మన సంచికకు పంపండి. మనవలకు చూపించి, వీరు జీతం మీద బతుకుతూ దేశాన్ని గెలిపించినవారని చెప్పండి.