గాజుతొట్టిలో సముద్రం

సముద్రతీరాన నిలిచి చూచినప్పుడు మనలను ముందుగా ఆకర్షించేది దాని వైశాల్యం. ఆ నీటికి గల మరొక గొప్ప గుణం మాత్రం కంటికి కనబడదు. అది స్థిరత్వం. ఎన్ని నదులు వచ్చి కలిసినా, ఎన్ని ప్రాణులు పుట్టి గిట్టినా, నడిసముద్రపు నీటి స్వభావం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. 1872 నుండి 1876 వరకు సముద్రాలను చుట్టివచ్చిన చాలెంజర్ నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, 1884లో ఫలితాలను ప్రకటించాడు. ఉప్పదనం ఒకచోట హెచ్చుగా, మరొకచోట తగ్గుగా ఉండవచ్చును గాని, అందలి ప్రధాన లవణాల పరస్పర నిష్పత్తి ఎక్కడైనా దాదాపు ఒక్కటే అని ఆయన తేల్చాడు. పగడపు దిబ్బలలోని ప్రాణులు యుగయుగాలుగా ఇట్టి నిలకడ గల నీటికి అలవాటుపడినవి. వాటిని గాజుతొట్టిలోనికి తెచ్చుకొనేవారు ఆ నిలకడను కూడా తేవలసి ఉంటుంది. కష్టమంతా అక్కడనే ఉన్నది.

సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నిరుడు 200 లీటర్ల తొట్టి ఒకటి అమర్చుకొన్నాడు. లవణం కలిపి నీరు నింపిన మూడవనాడే, నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలను మూడింటిని కొనితెచ్చి విడిచాడు. తొమ్మిదవనాటికి ఒక్కటీ మిగులలేదు. అతని చిన్న కుమార్తె రెండు దినాలు సరిగా అన్నం తినలేదట. "మామయ్యా, నీళ్ళు అద్దంలాగా ఉన్నాయి. మరి చేపలెందుకు చచ్చిపోయాయి?" అని ఫోనులో అడిగాడు. "నీవు పోసినది ఉప్పునీరు నాయనా, అది ఇంకా సముద్రం కాలేదు" అన్నాను.

తేటదనం వేరు, నిర్మలత్వం వేరు. చేప తన దేహంలోని మాలిన్యాన్ని చాలవరకు మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విడుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. దానికి రంగు లేదు. సముద్రజలం క్షారగుణం కలది, దాని పి.హెచ్. సుమారు 8.2. నీటిలో క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియాలో విషరూపమైన భాగం హెచ్చుతుంది. అందుచేత మంచినీటి తొట్టిలో సాగిపోయే పొరపాటు ఉప్పునీటి తొట్టిలో ప్రాణాంతకం కావచ్చును.

ఈ విషాన్ని విరిచేవి సూక్ష్మజీవులు. ఒక తెగవి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తవి. మరొక తెగవి నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తవి. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నేలలోని ఇటువంటి జీవులను వేరుచేసి, వాటి పనిని నిరూపించాడు. కొత్త తొట్టిలో ఇవి తగినన్ని ఉండవు. మన ఇండ్లలో పాలకు తోడు వేసినట్లే ఇక్కడా తోడు వేయవలెను. జీవం గల సముద్రపు రాయి, పాత తొట్టిలోని ఇసుక ఆ తోడు. అయితే పాలు ఒక రాత్రిలో తోడుకొంటవి. ఈ సూక్ష్మజీవులు మందగతిని పెరుగుతవి గనుక నాలుగు నుండి ఆరు వారాలు పట్టడం సామాన్యం.

ఆ వారాలలో తొట్టిలో చేప ఉండకూడదు. చిటికెడు మేత వేసి, అది కుళ్ళగా పుట్టే అమ్మోనియాతో సూక్ష్మజీవులను పోషించవలెను. రెండు దినాలకొకసారి నీటిని పరీక్షించి అంకెలు వ్రాసి ఉంచుకోవలెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. పిదప నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. చివరకు నైట్రేట్ కనబడుతుంది. మళ్ళీ మేత వేసినా మొదటి రెండూ శూన్యంగానే నిలిచినప్పుడు తొట్టి సిద్ధమైనట్లు. అప్పుడైనా ఒక్క చేపనే విడిచి, కొన్ని వారాలు ఆగి, తరువాత మరొకదానిని విడువవలెను.

ఇక నీటిని గూర్చి. కుళాయి నీటిలో క్లోరిన్, ఫాస్ఫేట్ వంటివే గాక ఒక్కొక్కప్పుడు గొట్టాల నుండి వచ్చిన రాగి కూడా ఉంటుంది. రాగి స్వల్పమైనా పగడపు జీవులకు, రొయ్య జాతులకు ప్రమాదం. కనుక శుద్ధిచేసిన నీటిలోనే లవణం కలపవలెను. లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం సముద్రజలానికి సమానం. 200 లీటర్లకు 7 కిలోలు. ఎండకు, గాలికి ఆవిరి అయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే నిలిచిపోతుంది. పది లీటర్లు ఆవిరి అయితే ఉప్పదనం లీటరుకు 36.8 గ్రాములకు చేరుతుంది. ఆ లోటును మంచినీటితో దినదినం పూరించవలెను గాని ఉప్పునీటితో కాదు. ఇది కొత్తవారు తరచు చేసే పొరపాటు.

వారానికొకసారి పదవవంతు, అనగా 20 లీటర్లు, తీసి కొత్త నీరు పోయడం మంచి అలవాటు. ఆ నీటిని ముందునాడే కలిపి, తొట్టి నీటితో సమానమైన ఉప్పదనానికి, వేడిమికి తెచ్చి ఉంచవలెను.

పగడపు జీవుల వంతు అన్నిటికంటె చివర. అవి తమ సున్నపు గూటికై నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్లను నిత్యం గ్రహిస్తవి. సముద్రజలంలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అది తగ్గినదని తెలిసి ఒక్కమారుగా మందు గుమ్మరించడం కూడదు. అంకె కొంచెం అటుయిటుగా ఉన్నా ప్రాణులు ఓర్చుకొంటవి. అది నేడొక తీరుగా, రేపొక తీరుగా ఊగితే ఓర్చుకొనలేవు.

జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ 1961లో తన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో వివరించాడు. ఆయన సాధనాలు స్వల్పం: సముద్రజలం, జీవం గల రాళ్ళు, గాలి బుడగలు, వెలుతురు. ఆ రాళ్ళ లోపలి రంధ్రాలలో, ప్రాణవాయువు అందని చోట, మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి పంపివేస్తవి. తొట్టికి గర్భగృహం ఆ రాయి.

మన దేశంలోని శ్రోతలకు ఒక మాట. కచ్ సింధుశాఖలోను, మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపాలలోను, అండమాన్ నికోబార్ దీవులలోను గల పగడపు జీవులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది. వాటిని పెకలించి తేవడం నేరం. వాటిని సముద్రంలోనే చూచి ఆనందించవలెను.

మా మేనల్లుడు మళ్ళీ మొదటినుండి ఆరంభించాడు. రాళ్ళూ నీరూ తప్ప మరేమీ లేని తొట్టి ముందు తండ్రీ కూతుళ్ళు ఆరు వారాలు కూర్చున్నారు. పరీక్ష అంకెలను ఆ పాప తన నోటు పుస్తకంలో వ్రాసేది. నలుబది రెండవనాడు ఒక చేప వచ్చింది. అది నేటికీ బ్రతికి ఉన్నది. ఈమధ్య ఫోనులో ఆ పాపను "మీ చేప బాగున్నదా?" అని అడిగాను. "ముందు నీళ్ళు బాగున్నాయా అని అడగాలి తాతయ్యా" అన్నది.