వాళ్ల దోస్తీ, వాళ్ల కొట్లాట - మన కూలి
(ఎల్బీనగర్‌లో కూలీలు, ఫుట్‌పాత్ వ్యాపారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చైనా, బ్రెజిల్, రష్యాలతో మనకేం పని అనుకోవద్దు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద మీరమ్మే ఆటబొమ్మ, సెల్‌ఫోన్ కవరు ఎక్కడివి? వాటిలో చైనావీ ఉంటాయి. ఈ చౌరస్తా నుంచి సూర్యాపేట మీదుగా ఖమ్మం పోతే, అక్కడ కల్లాల్లో ఆరే తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొనేది కూడా చైనాయే. ఇక్కడి గిరాకీ, అక్కడి కూలి రెండూ ఒకే బజారుకు ముడిపడి ఉన్నాయి.

2009లో బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా అధినేతలు మొదటి శిఖరాగ్ర సభ జరుపుకున్నారు. తర్వాత దక్షిణాఫ్రికా చేరి 'బ్రిక్స్' అయింది. 2014లో ఐదు దేశాలూ సమాన వాటాలతో బ్యాంకు పెట్టుకున్నాయి. అమెరికా పెత్తనం నడిచే ప్రపంచ బ్యాంకు ముందే చేయి చాచనక్కర లేకుండా ఇంకో దారి దొరికింది. మంచిని మంచే అందాం.

కానీ ఆ సమానత్వం బ్యాంకులోనే, బజారులో లేదు. 2024-25లో మన దేశం చైనా నుంచి సుమారు 113 బిలియన్ డాలర్ల సరుకు కొన్నది. అమ్మింది 14 బిలియన్లది. అంటే ఆ ఏడు ఎనిమిది రూపాయలది కొని, ఒక్క రూపాయిది అమ్మాం.

2020 జూన్‌లో గల్వాన్‌లో 20 మంది జవాన్లు చనిపోయారు. వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. ప్రభుత్వం 59 యాప్‌లు నిషేధించింది. పెద్ద వ్యాపారం ఆగిందా? 2021-22లో రెండు దేశాల వ్యాపారం 100 బిలియన్ డాలర్లు దాటింది. రేవుల్లో కంటైనర్లు దిగుతూనే ఉన్నాయి. చైనా సరుకు ముట్టొద్దనే నీతి మాత్రం బొమ్మలమ్మే అక్కకు!

2017లో మిర్చి ధర కుప్పకూలింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. పది మందికి బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించింది. మరి ఎర్రటి ఎండలో మిర్చి ఏరిన మన ఆడకూలీకి ఏ ధర ప్రకటించారు? పట్టా లేని కౌలుదారుని ఎవరు అడిగారు?

అదే ఏడు జులైలో ఈ హైదరాబాద్‌లోనే చైనాతో సహా 16 దేశాల అధికారులు ఆర్‌సెప్ ఒప్పందం మీద తలుపులు మూసుకొని మాట్లాడుకున్నారు. రైతు సంఘాలు, పాడి రైతులు దేశమంతా లొల్లి చేశారు. 2019 నవంబర్‌లో ఇండియా అందులోంచి బయటికొచ్చింది. గట్టిగా అడిగితే ఢిల్లీకైనా వినబడుతుందన్నమాట.

కాబట్టి మనమూ అడుగుదాం. ఒప్పందం సంతకానికి ముందే తెలుగులో ఊరి ముందు పెట్టాలి. ధర పడితే కౌలుదారుకూ, కూలికీ సాయం రావాలి. సరుకు నిషేధిస్తే ముందు ఫుట్‌పాత్ బతుకుకు దారి చూపాలి.

వాళ్లు కౌగిలించుకున్నా, కత్తులు దూసుకున్నా, లెక్కలో మన పేరు ఉండాలె!